కొరికి వెళ్ళిన రొట్టె

సావ్రీకి ఒక జబ్బు ఉందని వీధిలో అందరూ ఒప్పుకుంటారు. ఎవరింట్లో ఏం జరిగినా, అది ఎందుకు జరిగిందో తెలిసేదాకా ఆమెకు కాలూ చెయ్యీ ఆడదు. పక్కింటి కోడలు వరసగా మూడు రోజులు ఒకే కుర్తా వేసుకుంటే కారణం కావాలి. పంపు ఆపరేటరు సైకిలు రోజూ వెళ్ళే దారిలో కాక కాలవగట్టు మీదుగా వెళ్తే కారణం కావాలి. ఊరంతటికీ ఆమె ఖోలా, అంటే పిన్ని. "ఖోలా, మీరు ప్రభుత్వంలో ఉండాల్సినవాళ్ళు" అని కుర్రాళ్ళు ఏడిపిస్తే, "ప్రభుత్వం నన్ను రమ్మంటే, ఎందుకు రమ్మందో ముందు కనుక్కునేదాన్నిరా" అనేది.

ఆమె పని రొట్టెలు కాల్చడం. ఇరవై ఏళ్ళుగా తందూరులో చేతులు పెట్టీ పెట్టీ మోచేతి దాకా ఒక్క రోమం మిగల్లేదు. మొగుడు యుద్ధానికి ముందే గుండె ఆగి పోయాడు. పిల్లలు కలగలేదు. ఉన్నదల్లా తమ్ముడు రజబ్. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. అప్పటినుంచీ పెంచింది ఆమే. మొగుడు ఆమెకు వదిలిపోయిన ఆస్తి రొట్టె ముద్ర ఒక్కటే. కాల్చే ముందు రొట్టె నడుమ పొంగకుండా గుచ్చే చెక్కపిడి అది. దానికి మేకులు పువ్వు ఆకారంలో దిగ్గొట్టి ఉంటాయి. పెళ్ళయిన ఏడాదే బయటి వరస మేకు ఒకటి ఊడిపోయింది. దాన్ని బాగు చేయించడానికి ఆమెకు మనసొప్పలేదు. అందుకే ఆమె రొట్టె మీద పువ్వుకు ఎప్పుడూ ఒక రేక తక్కువ. పళ్ళూడిన రొట్టె అని ఊళ్ళో వాడుక.

వక్ష్ లోయలో మాది పత్తి పండే ఊరు. తాతల కాలంలో రెండు వేరువేరు కొండ ప్రాంతాల నుంచి జనాన్ని తెచ్చి ఇక్కడ చేలల్లో దింపారు. కూలోబ్ వాళ్ళు ఒక వీధి, గర్మ్ వాళ్ళు ఒక వీధి. యాభై ఏళ్ళు ఒకే కాలవ నీళ్ళు తాగారు, ఒకరి పెళ్ళిళ్ళలో ఒకరు పులావు వండారు. తొంభై రెండులో అంతర్యుద్ధం మొదలై తుపాకులు వచ్చాయి, కూలోబ్ వాళ్ళు ఒక పక్షం, గర్మ్ వాళ్ళు ఇంకో పక్షం అయ్యారు. ఆ శీతాకాలం గర్మ్ వాళ్ళు నది దాటి అఫ్గన్ వైపు పారిపోయి శిబిరాల్లో తలదాచుకున్నారు. తర్వాత కొంచెం కొంచెంగా తిరిగొచ్చారు. ఇప్పుడు పెద్దవాళ్ళు సంతకాలు పెట్టుకున్నారు, శాంతి వచ్చిందని రేడియో చెప్తోంది. వీధిలో మాత్రం శాంతికి ఒక్కటే అర్థం: ఆ శీతాకాలం గురించి ఎవరూ ఎవర్నీ అడగకూడదు. సావ్రీ కూడా ఆ కట్టుబాటు దాటలేదు. ఆమె కూలోబ్ మనిషి.

ఆ శరదృతువులో గర్మ్ వీధి హనీఫా కొడుకు ఉమేద్ రష్యాకు ప్రయాణమయ్యాడు. పంతొమ్మిదేళ్ళవాడు. అక్కడ ఇళ్ళు కట్టే పని ఉందట. సందు మొదట్లో లారీ ఆగి ఉంది. వీధి వీధంతా గుమ్మం దగ్గరికి చేరింది. దూరం వెళ్ళేవాడు గడప దాటే ముందు ఇంట్లో కాల్చిన కొత్త రొట్టెను ఒక్కసారి కొరకాలి. మిగతాది గుడ్డలో చుట్టి గోడకు వేలాడదీస్తారు. వెళ్ళినవాడు తిరిగొచ్చి దాన్ని పూర్తి చేయాలి. అంతదాకా ఆ ఇంట్లో పస్తులున్నా దాన్ని ముట్టుకోరు. అది అతన్ని వెనక్కి లాక్కొస్తుందని నమ్మకం.

ఉమేద్ రొట్టె నోటి దాకా తెచ్చాడు. పక్కనే నిలబడ్డ చెల్లెలు మిజ్‌గోనా దాన్ని లాక్కుని నేలకేసి కొట్టింది.

రొట్టె మా దగ్గర బోర్లా పెడితేనే తప్పు. నేలకేసి కొట్టడం ఎవరూ చూసి ఎరగరు. రొట్టె దొర్లుకుంటూ పోయి లారీ చక్రం దగ్గర పడింది. నాయనమ్మ, ఆ ఇంట్లో బీబీ అని పిలుస్తారు, వంగలేని నడుం వంచి దాన్ని తీసి, ముద్దుపెట్టుకుని, నుదుటికి ఆనించుకుంది. లారీ డ్రైవరు కిందికి దిగను కూడా దిగలేదు.

"నేల మీద పడ్డ రొట్టెతో బయల్దేరేవాణ్ణి నేనెక్కించుకోను" అన్నాడు. "పది రోజుల్లో మళ్ళీ వస్తా. అప్పటికి మీ ఇల్లు చక్కబెట్టుకోండి."

"చక్కబెట్టేదేముంది, పిల్లకు జిన్ను పట్టింది" అంది బీబీ. "వచ్చే బుధవారం కొండ కిందికి తీసుకెళ్తా."

కొండ కింద ఉండేది ఒక వైద్యుడు. మల్బరీ బెత్తంతో జిన్నుల్ని దించుతానంటాడు. పోయినేడు పక్క ఊరి పిల్లను అతని దగ్గరికి తీసుకెళ్తే, తిరిగొచ్చాక వారం రోజులు బోర్లా పడుకునే ఉంది.

జనమంతా రొట్టెను చూస్తుంటే సావ్రీ పిల్ల ముఖం చూసింది. పదహారేళ్ళ పిల్ల. ఆ ముఖంలో కోపం లేదు, పొగరు లేదు. భయం ఉంది. చూపు అన్న ముఖం మీద లేదు, అన్న పళ్ళ మీద ఉంది. రొట్టెను చూసి భయపడేవాళ్ళను సావ్రీ బతుకులో చూడలేదు. ఇక ఆమెకు పని మీద మనసు నిలుస్తుందా.

ఇంటికెళ్తూ లెక్కలు వేసుకుంది. శిబిరం నుంచి తిరిగొచ్చాక మిజ్‌గోనా రొట్టె తినగా ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. పత్తి ఏరడానికి బడి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు తన వాటా రొట్టె పక్క పిల్లలకు ఇచ్చేస్తుంది. కడుపుకు పడదని చెప్తుంది. పోనీ గోధుమ పడదనుకుందామంటే, అదే పిండితో చేసిన సేమియా పులుసు గిన్నెడు తాగుతుంది. అంటే గొడవ కడుపుది కాదు. చేలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది కూడా. మా ఊళ్ళో రొట్టె లేకుండా మనిషి తినేదేముంటుంది? ఎముకల మీద చర్మం మిగిలింది పిల్లకు.

మర్నాడు పొద్దున్నే సావ్రీ చేతికి గుడ్డ చుట్టుకుని హనీఫా ఇంటికి వెళ్ళింది.

"చెయ్యి బెణికింది. నాలుగు రోజులు పిల్లను సాయం పంపు" అంది.

బీబీ అడ్డొచ్చింది. "జిన్ను పట్టినదాన్ని రొట్టెల దగ్గరికా? నీకేమైనా మతి పోయిందా?"

"జిన్నుకు వేడి పడదు బీబీ. తందూరు పక్కన నిలబెడితే దానంతట అదే పోతుంది. మీకు కొండ కిందికి నడిచే శ్రమ తప్పుతుంది."

"ఇది కూలోబ్ వాళ్ళ వైద్యమా?"

"కాదు, నా సొంతం."

బీబీ గొణిగింది కానీ కాదనలేదు. హనీఫా తలెత్తకుండా పిండి జల్లిస్తూనే ఉంది. ఈవిడ కూతురి గురించి ఒక్క ముక్క మాట్లాడదేమిటని సావ్రీకి ఇంకో ప్రశ్న మొదలైంది.

మిజ్‌గోనా పనిమంతురాలు. పిండి తడిపింది, ఉండలు చేసింది, పరిచింది. కాలిన రొట్టెల్ని మాత్రం చేత్తో ముట్టుకోలేదు. గుడ్డ అంచుతో పట్టుకుని ఇంకో గుడ్డ మీదికి జార్చింది. సావ్రీ చేతి నొప్పి రెండో గంటకే మాయమైంది. పిల్ల అది గమనించింది. సావ్రీ అడిగింది, అడిగింది, అడుగుతూనే ఉంది. శిబిరంలో ఏం తినేవారు? పప్పు. నది ఎలా దాటారు? తెప్ప మీద. చలి వేసిందా? వేసింది. ఒక్కొక్క మాట తప్ప రెండో మాట లేదు.

పెరటి గోడ వార రజబ్ ఎప్పటిలాగే పత్తి కట్టె ముందు పెట్టుకుని కూర్చునేవాడు. తందూరుకు మా దగ్గర పత్తి కట్టెనే వంటచెరుకు. వాటి కొమ్మలకు విచ్చుకోని కాయలు అక్కడక్కడా మిగిలిపోతాయి. రజబ్ ఒక్కొక్క కట్టె తీసి, ఆ ఎండు కాయలన్నీ వేళ్ళతో తుంపి పారేసేవాడు. మోపు మోపంతా. గంటలకొద్దీ. ఇరవై రెండేళ్ళ మగవాడికి ఇదేం పనని వీధి నవ్వేది. వాడు వేరే పని ఏదీ సరిగా చేసేవాడు కాదు. సావ్రీ వాడికి వేళకు టీ పోసేది, రొట్టె పెట్టేది, ఏమీ అడిగేది కాదు.

మూడో రోజు తందూరు రాజేస్తుంటే లోపల టప్పుమని ఒక చప్పుడు. రజబ్ చూపు తప్పించుకున్న కాయ ఒకటి పేలింది.

సావ్రీ తిరిగి చూసేసరికి రజబ్ గోడ మూలన నేలకు కరుచుకుని ఉన్నాడు. మిజ్‌గోనా పిండి బల్ల కింద ఉంది. బల్ల కింది నుంచి ఆమె, మూల నుంచి వాడు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఒకటి మిగిలిపోయింది అకా" అని అన్నను పిలిచినట్టు అంది మిజ్‌గోనా.

"చూసుకోలేదు" అన్నాడు రజబ్.

ఇద్దరికీ చిన్నగా నవ్వొచ్చింది. రజబ్ దుమ్ము దులుపుకుని కాలవ వైపు వెళ్ళిపోయాడు. చేతిలో పిండి ముద్దతో సావ్రీ నిలబడిపోయింది. వాడు నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

"రజబ్ అకా కాయలు ఎందుకు తుంపుతాడో మీకు తెలుసా ఖోలా?"

"వాడి సంగతి వదిలెయ్. నీ సంగతి చెప్పు. రొట్టె ఎందుకు కొట్టావు?"

పిల్ల చాలాసేపు పిండి పిసికింది. తర్వాత, "చెప్తే మా అమ్మకు చెప్పనని ఒట్టెయ్యాలి" అంది.

"ఒట్టెయ్యను. నా నోటి సంగతి నీకు తెలుసు. ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్తా, అంతకన్నా హామీ ఇవ్వలేను."

బహుశా ఆ మాట వల్లే చెప్పింది. చెప్పనని ఒట్టేసి చెప్పేసేవాళ్ళను ఆ పిల్ల చాలామందినే చూసి ఉంటుంది.

తండ్రి నీళ్ళ పంపు నడిపేవాడు. ఆ ఏడు మల్బరీలు పండే రోజుల్లో, వంతెన దగ్గర ఊరి కాపలాకని మగవాళ్ళతో కలిసి వెళ్ళాడు. వెళ్ళేముందు రొట్టె కొరికాడు. అది గోడకు వేలాడింది. శీతాకాలం ఇల్లు వదిలి పారిపోతున్నప్పుడు తల్లి అన్నీ వదిలేసి ఆ రొట్టెను మూటలో పెట్టుకుంది. నది ఒడ్డున రెల్లులో మూడు పగళ్ళు దాక్కున్నారు. పొగ రాజేస్తే కనపడతారు, మాట్లాడితే వినపడతారు. తినడానికి ఏమీ లేదు. మిజ్‌గోనాకు అప్పుడు పదకొండేళ్ళు. మూడో పగలు తల్లి పక్కకు వెళ్ళినప్పుడు మూటలో చెయ్యి పెట్టింది.

"నాన్న కొరికిన వైపు నుంచే మొదలుపెట్టా ఖోలా. కొంచెమే తిందామనుకున్నా. ఆగలేకపోయా. రాయిలా ఉంది. నానబెట్టడానికి నోట్లో పెట్టుకుని కూర్చున్నా."

"తర్వాత?"

"తర్వాత శిబిరంలో ఉండగా కబురొచ్చింది. మేం నది దాటిన వారానికే నాన్నను కాలవ దగ్గర చంపేశారట. నేను తిన్న వారానికే." ఆ పిల్ల గొంతు ఏ మార్పూ లేకుండా సాగింది. "రొట్టె లేకపోతే ఎలా వస్తాడు. ఇప్పుడు అన్న కొరికితే అది నా ఇంట్లో ఉంటుంది. నేనున్న ఇంట్లో. ఆకలేస్తే నేనేం చేస్తానో నాకు తెలుసు. అందుకని కొట్టా."

"అమ్మ రొట్టె ఏమైందని అడగలేదా?"

"ఒక్కసారి కూడా అడగలేదు. తెలిసే అడగలేదేమో. అందుకే ఇంకా భయం."

సావ్రీ ఏడ్చింది. ఏడుస్తూనే, చివరికంటా తిన్నావా అని అడిగింది. ఏం చేస్తుంది, ఆమె జబ్బు అలాంటిది.

మొత్తం తినలేదట. నడిమి ముక్క కొంచెం మిగిలింది. దాన్ని గుడ్డలో కట్టి కుర్తా లోపలి జేబులో కుట్టేసుకుంది. కుర్తాలు మారినప్పుడల్లా విప్పి కుట్టుకుంది కానీ గుడ్డ మూట విప్పలేదు, ముక్కను చూడలేదు. చూపించమంటే మొదట ఒప్పుకోలేదు. తర్వాత దారం పళ్ళతో కొరికి, మూట సావ్రీ చేతిలో పెట్టి, తను గోడ వైపు తిరిగి నిలబడింది.

అరచేతిలో సగం కూడా లేని గట్టి ముక్క. నల్లబడింది. దాని మీద గుచ్చిన చిల్లులు మాత్రం చక్కగా ఉన్నాయి. వేలు పెట్టి తడిమింది సావ్రీ. లోపలి వరస నిండుగా ఉంది. బయటి వరసలో ఒకచోట ఖాళీ.

ఆమె ముద్ర అది. పళ్ళూడిన రొట్టె.

ప్రయాణానికి కొరికే రొట్టె ఇంటి తందూరులో, ఇంటి ఆడది కాల్చాలి. హనీఫా తన మొగుడికి బయటి రొట్టె కొరకనిచ్చి ఉండదు. మరి ఆ గోడకు ఈ రొట్టె ఎలా వెళ్ళింది? అప్పుడు సావ్రీకి ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ ఏడు దానిమ్మలు కోసే రోజుల్లో హనీఫా వచ్చి ఒకే ఒక్క రొట్టె అడిగింది. తందూరు బీట వారిందంది. ఆ సాయంత్రమే సావ్రీ ఏదో వంకన వెళ్ళి చూసొచ్చింది. తందూరు లక్షణంగా మండుతోంది. ఎందుకు అబద్ధమాడిందా అని అయిదేళ్ళుగా అప్పుడప్పుడూ తలుచుకుంటూనే ఉంది.

నోటి దాకా వచ్చిన మాటను సావ్రీ మింగేసింది. ఆమె జీవితంలో అది మొదటిసారి. ఈ మాట చెప్పాల్సిన నోరు వేరే ఉంది. ముక్కను మళ్ళీ మూట కట్టి పిల్లకిచ్చి, పత్తి చేలోకి నడిచింది.

హనీఫా వరసలో ఒంటరిగా పత్తి తీస్తోంది. సావ్రీ పక్క వరసలో దిగి తనూ తీయడం మొదలుపెట్టింది.

"దానిమ్మల రోజుల్లో నా దగ్గర ఒక రొట్టె తీసుకెళ్ళావు."

"ఎప్పుడు?"

"నీ మొగుడు వంతెన దగ్గరున్నప్పుడు. తందూరు బీట వారిందన్నావు. వారలేదు."

హనీఫా చేతులు ఆగాయి. "అయిదేళ్ళ తర్వాత ఇది అడగడానికి చేలోకొచ్చావా?"

"గోడకు కట్టడానికే కొన్నావని నాకు తెలుసు. ఎందుకు అవసరమైందో తెలీదు. చెప్పు."

"నీకు పుణ్యముంటుంది, వెళ్ళు అపా" అంది హనీఫా, అక్కను బతిమాలినట్టు.

"నీ కూతురు రెల్లులో ఆ రొట్టె తినేసింది హనీఫా. తనే తండ్రిని చంపుకున్నానని అయిదేళ్ళుగా గొంతులో రొట్టె దిగక చస్తోంది."

హనీఫా పత్తి మూట మీదే కూలబడింది. అక్కడే కూర్చుని చెప్పింది. రొట్టె దించి దులుపుదామని గుడ్డ విప్పితే లోపల పొట్టు తప్ప ఏమీ లేదు. ఎలుకలు. అత్తకు తెలిస్తే, కొడుకు రొట్టెను ఎలుకల పాలు చేశావని ప్రాణం తీస్తుంది. ఇంట్లో కాల్చి కట్టేద్దామంటే అత్త తందూరు పక్క నుంచి కదలదు. అందుకని సావ్రీ దగ్గర తెచ్చి, గొడ్ల కొట్టంలోకి వెళ్ళి, తనే కొరికి, గుడ్డలో చుట్టి గోడకు కట్టింది.

"మొగుణ్ణి మోసం చేశా. ఆయన కోసం నా ఎంగిలి వేలాడదీశా. అందుకే రాలేదు. రెల్లులో మూట తేలికైనప్పుడు ఎక్కడో జారిపోయిందనుకున్నా. పీడ పోయిందని లోపల సంతోషించా కూడా. దేవుడు అదీ చూసే ఉంటాడు."

"ఆ మాటే పిల్లకు చెప్పు."

"చెప్పలేను. అత్త ఉంది."

"అత్త రేపు దాన్ని బెత్తం కిందికి తోలుకెళ్తుంది. జిన్ను ఎవరికి పట్టిందో నీకు తెలుసు, నాకు తెలుసు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా, అప్పుడు ఊరంతా విన్నాక నువ్వు వింటావు."

ఇది బెదిరింపే. సావ్రీ మంచిదే కానీ మెత్తనిది కాదు.

ఆ సాయంకాలం పిలవకపోయినా సావ్రీ హనీఫా ఇంట్లో నేల మీద పరిచిన తిండి గుడ్డ ముందు కూర్చుంది. బీబీ, ఉమేద్, మిజ్‌గోనా ఉన్నారు. ఆలుగడ్డ పులుసు వచ్చింది. రొట్టె వచ్చింది, మిజ్‌గోనా చూపు తిప్పుకుంది. హనీఫా గిన్నెలు సర్ది, సర్దినవే మళ్ళీ సర్ది, ఎవరి ముఖం చూడకుండా మొదలుపెట్టింది. ఎలుకల నుంచి గొడ్ల కొట్టం దాకా అంతా చెప్పింది. చెప్పాక అత్త ముందు తల వంచుకుని కూర్చుంది.

బీబీ టీ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది. గోడ మీద రొట్టె వేలాడిన మేకు ఇంకా అలాగే ఉంది. కొడుకును తలుచుకుందో ఏమో, పెదవులు కదిలాయి.

"ఈ ఇంట్లో ఎలుకలు మొదట్నుంచీ ఎక్కువే" అంది చివరికి. "నా కాపరం అప్పట్నుంచీ."

అంతే. హనీఫా వెక్కి వెక్కి ఏడ్చింది.

మిజ్‌గోనా మాత్రం ఏడవలేదు. తల్లి దగ్గరికి జరిగి కూర్చుంది. "అయితే నేను తిన్నది నాన్నది కాదా?"

"కాదు. నేను కొరికింది."

"చాలా పెద్ద కాటు. నాకు గుర్తుంది."

"మీ నాన్న నోరు పెద్దది. చిన్నగా కొరికితే మీ బీబీ కనిపెడుతుందని రెండుసార్లు కొరికా."

పిల్లకు నవ్వొచ్చింది. ఉమేద్‌కూ వచ్చింది. బీబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక చచ్చిపోయిన మనిషి నోరు ఎంత పెద్దదో తలుచుకుని ఆ ఇల్లు నవ్వింది. నవ్వు ఆగాక మిజ్‌గోనా నుదురు ముడిచింది. లెక్క తేలని పిల్లలా ఉంది.

"మరి రొట్టె వల్ల కాకపోతే నాన్న ఎందుకు చచ్చిపోయాడు?"

"తుపాకీతో కాలిస్తే చచ్చిపోయాడు తల్లీ" అంది హనీఫా. "రొట్టె వల్ల ఎవరూ చావరు. మనిషి చంపితే చచ్చాడు."

"ఎవరు?"

అయిదేళ్ళుగా ఆ వీధిలో ఎవరూ బయటికి అనని మాట అది. ఉమేద్ గిన్నె కింద పెట్టాడు. బీబీ కళ్ళు మూసుకుంది. ఆ పిల్లకు ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న అవసరం రాలేదు. హంతకురాలు తనే కదా. ఇప్పుడు ఒక్కసారిగా ఆ చోటు ఖాళీ అయ్యింది. ఆమె కళ్ళల్లో కొత్త కోపమొకటి మొదలవడం సావ్రీ చూసింది. ఆ కోపం న్యాయమైనదే. అయినా సావ్రీకి తన పెరడు గుర్తొచ్చింది.

"ఖోలా, మీరు అందర్నీ అన్నీ అడుగుతారు కదా. ఆ శీతాకాలం ఎక్కడున్నావని రజబ్ అకాను అడిగారా?"

"అడగలేదు."

"ఎందుకు?"

ఆ గొంతులో నింద లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. సావ్రీ ఊళ్ళో అందర్నీ అడిగే తీరులోనే అడిగింది.

"భయమేసి" అంది సావ్రీ.

"నాకూ అలాగే ఉండేది" అంది పిల్ల, పెద్దదానిలా.

బుధవారం కొండ కిందికి ఎవరూ వెళ్ళలేదు. లారీ మళ్ళీ వచ్చిన రోజు ఉమేద్ రొట్టె కొరికాడు. గుడ్డలో చుట్టింది మిజ్‌గోనానే. ఈసారి ఎలుకలకు అందకుండా పైకప్పు దూలానికి కట్టమని పోరుపెట్టి కట్టించింది. రొట్టె తినడం మాత్రం వెంటనే కుదరలేదు. నోట్లో పెట్టుకునేది, నమిలేది, కొన్నిసార్లు మింగేది, కొన్నిసార్లు బయటికి పరిగెత్తేది. రాత్రుళ్ళు ఇంకా ఉలిక్కిపడి లేస్తుందని హనీఫా చెప్పింది. అయిదేళ్ళ సంగతి పది రోజుల్లో పోతుందా. కానీ చేలో కళ్ళు తిరిగి పడిపోవడం తగ్గింది.

లారీ మళ్ళీ వచ్చేదాకా సావ్రీ వీధిలో ఎవర్నీ ఏమీ అడగలేదు. ఖోలాకు ఒంట్లో బాగాలేదా అని జనం గుసగుసలాడారు. ఆమె పెరట్లోకి వెళ్ళేది, రజబ్‌ను చూసేది, టీ గిన్నె పెట్టి వచ్చేసేది. ఆ శీతాకాలం వాణ్ణి తుపాకులవాళ్ళు తీసుకెళ్ళారు. వెళ్ళేముందు వాడూ రొట్టె కొరికాడు. నలభై రోజులకు తిరిగొచ్చాడు. రాయిలాంటి ఆ రొట్టెను టీలో ముంచి ముక్క మిగల్చకుండా తిన్నాడు. తమ్ముడు తిరిగొచ్చాడని ఆమె వీధంతా రొట్టెలు పంచిపెట్టింది. ఎక్కడి నుంచి తిరిగొచ్చాడో అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. వచ్చిన జవాబును ఇంట్లో పెట్టుకుని బతకాలి. ఈ పిరికితనానికి ఇన్నాళ్ళూ ప్రేమ అని పేరు పెట్టుకుంది.

ఉమేద్ వెళ్ళిన మధ్యాహ్నం, చివరి వాయి కాల్చాక, ఆమె పెరట్లోకి వెళ్ళి రజబ్ పక్కన కూర్చుంది. ఒక కట్టె తీసుకుని తనూ కాయలు తుంపడం మొదలుపెట్టింది.

"రజబ్."

"ఊఁ."

"ఆ శీతాకాలం ఎక్కడున్నావు?"

వాడి వేళ్ళు ఆగలేదు. కట్టె పూర్తిగా శుభ్రం చేసి పక్కన పెట్టాడు. ఇంకోటి తీసుకున్నాడు.

"ఊళ్ళో అందర్నీ అడిగేదానివి" అన్నాడు. "నన్ను అడగలేదు. నీకు తెలిసిపోయిందనుకున్నా అపా. తెలిసే రొట్టె పెడుతున్నావనుకున్నా. తెలిసినదాన్ని నోటితో అనడం ఇష్టంలేక అడగడంలేదనుకున్నా."

"నాకేమీ తెలీదురా."

"అయిదేళ్ళు నీ ముఖంలోకి చూడలేకపోయా."

ఊరంతటినీ తోడి తీసిన సావ్రీ, సొంత పెరట్లో ఉన్నవాణ్ణి అయిదేళ్ళు ఒంటరిగా కూర్చోబెట్టింది.

"మిజ్‌గోనా వాళ్ళ నాన్న సంగతా?" అన్నాడు రజబ్. "అదే అడుగుతున్నావా?"

"నీ సంగతి అడుగుతున్నా. ఏముంటే అది చెప్పు. సగంలో లేచి వెళ్ళను."

రజబ్ చేతిలో కట్టె కింద పెట్టాడు. అక్క ముఖంలోకి చూశాడు.

"అప్పుడు నాకు పదిహేడేళ్ళు" అని మొదలుపెట్టాడు.